మోకాలు దోక్కుపోయింది, ఇంక పంపాలా వద్దా?

ప్రశ్న: అక్కా నమస్తే. మేం విశాఖ మధురవాడలో ఉంటాం. మా బాబుకి ఆరేళ్ళు నిండాయి, ఒకటో తరగతి. ప్రతి చిన్నదానికీ ఏడుస్తాడు. క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు తోసేస్తాడు, పెన్సిల్ ముల్లు విరిగితే పుస్తకం పక్కన పడేసి గంటసేపు ఏడుస్తాడు. తెలిసినవాళ్ళు చెబితే ఆదివారం పొద్దున్నపూట పిల్లల్ని చెట్ల మధ్య ఆడించే ఒక ఫారెస్ట్ స్కూల్‌లో చేర్పించాను, కొండ పక్కన జీడిమామిడి తోటలో పెడుతున్నారు. ఐదు వారాలైంది. మొన్న వాన కురిసి వెలిసాక కొమ్మ మీంచి జారి పడ్డాడు, నాలుగడుగుల ఎత్తే గానీ మోకాలు బాగా దోక్కుపోయింది. రెండు నిమిషాలు ఏడ్చి మళ్ళీ అదే కొమ్మ దగ్గరికి వెళ్ళాడని అక్కడి మేడమ్ చెప్పారు. ఇంటికి తీసుకొచ్చేసరికి మా అత్తయ్యగారు గాయం చూసి పసుపు అద్ది, "పసిపిల్లాణ్ణి అడవిలో వదిలేస్తారా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మావారేమో "డబ్బులిచ్చి మరీ దెబ్బలు కొనుక్కోవాలా" అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఆటలతో పిల్లలకి గుండె నిబ్బరం వస్తుందా నిజంగా? ఆపేయమంటారా, పంపమంటారా?

సమాధానం:

అమ్మా, ముందు మోకాలి సంగతి చూద్దాం, మిగతాదంతా తర్వాత. దెబ్బ తగిలినప్పుడు మొదట చేయాల్సింది సబ్బుతో, కుళాయి నీళ్ళ ధార కింద మట్టి మొత్తం పోయేదాకా కడగడం. పసుపైనా ఇంకోటైనా మట్టి లోపల ఉండగా పైన అద్దితే చీము పట్టే అవకాశం పెరుగుతుంది. బాబు టీకాల కార్డు తీసి ఐదేళ్ళు దాటాక వేసే డీపీటీ బూస్టర్ పడిందో లేదో చూడండి. పడి ఉంటే ఇలాంటి పైపై దెబ్బకి ధనుర్వాతం గురించి కంగారు పడక్కర్లేదు, పడకపోతే మాత్రం ఈ వారమే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చుట్టూ ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా అసలు ఆగొద్దు.

ఇప్పుడు మీ ఉత్తరం. అందులో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను, మీరు దాన్ని రాసేసి ముందుకి వెళ్ళిపోయారు గానీ నాకు ఉత్తరం మొత్తం అందులోనే ఉందనిపించింది. "రెండు నిమిషాలు ఏడ్చి మళ్ళీ అదే కొమ్మ దగ్గరికి వెళ్ళాడు." పెన్సిల్ ముల్లు విరిగితే గంట ఏడ్చే పిల్లాడు, మోకాలు నెత్తురు కారుతుంటే రెండు నిమిషాల్లో తేరుకున్నాడు! అదే పిల్లాడు, అదే వారం. మరి అక్కడున్నదేమిటి, ఇంట్లో లేనిదేమిటి? దీనికి జవాబు దొరికితే పంపాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు.

నేను ముప్ఫై ఏళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో పాఠం చెప్పాను, రిటైరయ్యాక మా కాలనీ పిల్లల్ని ఆదివారాలు బయటికి తిప్పుతున్నాను, కాబట్టి చూసిందే చెబుతాను. ఇంట్లో పెన్సిల్ విరిగిన క్షణంలో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. వాడు ఏడుపు మొదలుపెట్టగానే ఒకరు చెక్కుడు మర కోసం లేస్తారు, ఒకరు కొత్త పెన్సిల్ తెస్తారు, ఇంకొకరు ఇంతదానికే ఏడుస్తావా అని కసురుతారు. ముగ్గురూ ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ గొడవలో, పెన్సిల్ విరిగితే ఏం చేయాలన్నది వాడి చేతిలోంచి జారిపోతుంది, వాడికి మిగిలేది ఏడుపొక్కటే. చెట్టు దగ్గర అలా కాదు. ఆ కొమ్మని ఎంచుకుంది వాడు, ఎక్కింది వాడు, తడిగా ఉంది కాబట్టి జారిందని ఎవరూ చెప్పకుండానే వాడి అరికాలికి తెలిసింది. పక్కన పెద్దావిడ ఉంది గానీ అరుస్తూ పరిగెత్తుకురాలేదు, దగ్గర కూర్చుని గాయం చూసి ఉంటుంది. తోటి పిల్లలు కొమ్మ మీద ఎదురుచూస్తున్నారు. ఏడుపు అయిపోయాక చేయడానికి వాడికి ఒక పని మిగిలి ఉంది.

నిబ్బరమంటే ఏడవకపోవడమని మనలో చాలామంది అనుకుంటారు, మీరూ కొంచెం అలాగే అనుకుంటున్నట్టున్నారు. ఆరేళ్ళవాడు ఏడుస్తాడు, ఏడవాలి కూడా. చూడాల్సింది ఎంతసేపట్లో తేరుకున్నాడని, తేరుకున్నాక వదిలేసిన పని దగ్గరికి మళ్ళీ వెళ్ళాడా అని. ఈ తేరుకోవడమనేది కొందరు పుట్టుకతో తెచ్చుకునే గుణమేమీ కాదు, నడక వచ్చినట్టే పడుతూ లేస్తూ వస్తుంది. హవాయి దీవుల్లో కవాయ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు నలభై ఏళ్ళ వయసు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు, ఇలా కష్టాలు చుట్టుముట్టిన పిల్లల్లో కూడా దాదాపు మూడో వంతు మంది చక్కగా, నిలకడగా ఎదిగారు. వాళ్ళలో మళ్ళీ మళ్ళీ కనిపించిన విషయం ఏమిటంటే, తమని గట్టిగా నమ్మిన పెద్దమనిషి ఒక్కరైనా చిన్నప్పటి నుంచీ వాళ్ళకి ఉన్నారు. అమ్మానాన్నే కానక్కర్లేదు, నానమ్మ కావచ్చు, టీచరు కావచ్చు. మీ అత్తయ్యగారి దగ్గరికి వచ్చినప్పుడు ఇది మళ్ళీ గుర్తు చేస్తాను.

కష్టం పిల్లాణ్ణి గట్టిపరుస్తుందని మాత్రం నేను చెప్పడం లేదు, ఈ తేడా నాకు చాలా ముఖ్యం. పాడేరు, అరకు వైపు పిల్లలు మైళ్ళు నడిచి బడికి వస్తారు, చూడండి ఎంత ధైర్యమో అని కొందరు మురిసిపోతుంటారు. వాళ్ళు నడిచేది రోడ్డూ బస్సూ లేక. లేమిని పట్టుకుని శిక్షణ అని పేరు పెట్టకూడదు. పిల్లాడికి పనికొచ్చేది తను మోయగలిగినంత బరువు, తను ఎంచుకున్నది, వద్దనుకుంటే దించేసే వీలున్నది, పక్కన నమ్మకస్తులు ఉన్నది. ఆ నాలుగూ ఉన్న ఆటే మంచి ఫారెస్ట్ స్కూల్‌లో దొరికేది.

ఈ పద్ధతి ఎక్కడిదో కొంచెం చెబుతాను, మీవారికి చెప్పడానికి పనికొస్తుంది. డెన్మార్క్‌లో 1950ల మొదట్లో ఎల్లా ఫ్లాటౌ అనే తల్లి తన పిల్లల్నీ చుట్టుపక్కల పిల్లల్నీ రోజూ అడవిలోకి నడిపించుకుని వెళ్ళేది, దాన్ని చూసి ఇతర తల్లిదండ్రులూ కలిసి నడిచే బాలవాడి లాంటిది పెట్టుకున్నారు. తర్వాత 1993లో ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ ప్రాంతం నుంచి బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ వాళ్ళు డెన్మార్క్ వెళ్ళి అక్కడి చిన్నపిల్లల బడులు చూసి వచ్చి, తమ దగ్గర మొదలుపెట్టారు, ఫారెస్ట్ స్కూల్ అన్న పేరు అక్కణ్ణుంచి పాకింది. అందులో వాళ్ళు గట్టిగా పట్టుకునే నియమం ఏమిటంటే ఒకే చోటికి, మళ్ళీ మళ్ళీ, కాలాలు మారుతున్నా వెళ్ళాలి. ఏడాదికోసారి స్కూలు బస్సులో పిక్నిక్కి వెళ్ళొస్తే ఇది జరగదు. అదే తోటకి ఇరవై ఆదివారాలు వెళ్ళిన పిల్లాడికి ఏ కొమ్మ బరువు ఆపుతుందో, ఏ రాయి కింద చీమలుంటాయో తెలుస్తుంది. తొలకరి పడ్డాక ఎర్రటి మఖమల్ ముక్కల్లా నేల మీద పాకే ఆరుద్ర పురుగుల్ని ఈ ఏడాది చూసినవాడు వచ్చే జూన్‌లో వాటికోసం వెతుకుతాడు. భయం తగ్గేది అలా తెలిసిన చోటే. మన దగ్గర కూడా చెట్టు కింద చదువు కొత్తేం కాదు, టాగూర్ 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టి పిల్లల్ని చెట్ల కిందే కూర్చోబెట్టాడు.

ఇక ఈ ప్రమాదకరమైన ఆటల సంగతి. నార్వేలో ఎలెన్ సాండ్‌సెటర్ అనే పరిశోధకురాలు చిన్నపిల్లలు ఆడుకుంటుంటే గమనించి, వాళ్ళతో మాట్లాడి, పిల్లలు కావాలని వెతుక్కునే గుండెదడ ఆటల్ని 2007లో ఆరు రకాలుగా విడదీసింది. ఎత్తులెక్కడం, వేగంగా పోవడం, పదునైన పనిముట్లు పట్టుకోవడం, నీళ్ళూ నిప్పూ దగ్గర ఆడటం, కుస్తీలు పట్టడం, పెద్దవాళ్ళ కంటికి కనపడకుండా పోవడం. ఇది చదవగానే నాకు మా వీధి గుర్తొచ్చింది. ఎత్తులంటే కోతి కొమ్మచ్చి, కుస్తీ అంటే చెడుగుడు, కనపడకుండా పోవడమంటే దాగుడుమూతలు! కోతి కొమ్మచ్చి ఎలా ఆడేవాళ్ళమో మీకు గుర్తుందా? కింద గీసిన గిరిలో కర్ర, దాని దగ్గర దొంగ, మిగతా అందరం చెట్టు మీద. దొంగ పట్టుకునేలోగా కిందికి దూకి కర్ర ముట్టుకోవాలి. ఎంత ఎత్తునుంచి దూకగలం, ఏ కొమ్మకి వేలాడితే నేల దగ్గరవుతుంది, దొంగ ఇప్పుడెటు చూస్తున్నాడు, ఇవన్నీ క్షణంలో లెక్క కట్టుకోవాలి, లెక్క తప్పితే మోచెయ్యి దోక్కుపోతుంది. తన ఒంటి శక్తి ఎంతో తనే కొలుచుకునే ఈ లెక్క నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు. ఇప్పటి పిల్లలకి ఆ చెట్లూ లేవు, ఆ సాయంత్రాలూ లేవు, అపార్ట్‌మెంట్ సెల్లార్లో కార్ల మధ్య సైకిలు తొక్కడమే మిగిలింది. అందుకే డబ్బు కట్టి ఆదివారం తోటకి పంపాల్సి వస్తోంది. మీవారి మాటలో ఆ బాధ ఉంటే దానితో నేనూ ఏకీభవిస్తాను.

హుద్‌హుద్ తుఫాను నాటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. విశాఖలో అప్పుడున్నవాళ్ళెవరూ ఆ గాలి హోరు మర్చిపోరు. తెల్లారి చూస్తే మా వీధిలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు వేళ్ళతో సహా పడిపోయి ఉంది, కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళకి క్యూలు. పక్కింట్లో ఏడేళ్ళ పాప, ఆ రాత్రి నుంచి కాస్త గాలి వీచినా మంచం కిందికి దూరిపోయేది. పిలిచినా వచ్చేది కాదు. మిగతా పిల్లలు మాత్రం రెండో రోజుకే ఆ పడిపోయిన చెట్టుని స్వాధీనం చేసుకున్నారు. తెగిన వైర్లన్నీ తీసేశారని, కరెంటు రావడం లేదని మా ఆయన, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళి స్వయంగా చూసొచ్చాకే వదిలాం. కొమ్మలతో గుడిసె కట్టారు, మాను మీద బస్సాట ఆడారు. ఆ పాప మొదట కిటికీలోంచి చూసింది. తర్వాత గుమ్మంలో కూర్చుంది. నాలుగో రోజు ఒక ఆకు తెంపుకుని లోపలికి తీసుకుపోయింది. వాళ్ళమ్మ ఆ నాలుగు రోజులూ ఒక్కసారి కూడా "వెళ్ళు, అందరూ ఆడుతున్నారుగా" అనలేదు, నేనైతే అనేసేదాన్ని, ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. వారం దాటాక ఆ పాప మాను మీద కూర్చుంది. ఆ సాయంత్రం గాలి లేచింది. దిగిపోయి వాళ్ళమ్మ కొంగు పట్టుకుంది, గాలి ఆగాక మళ్ళీ వచ్చి ఎక్కింది. కార్పొరేషన్ వాళ్ళు ఆ చెట్టుని కోసి తీసుకుపోయిన రోజు ఏడ్చిన పిల్లల్లో తనూ ఉంది. భయపెట్టిన చెట్టు కోసమే ఏడ్చింది! గాలంటే ఆ తర్వాత కూడా చాలాకాలం భయపడేది, నేనేదో మాయ జరిగిందని చెప్పను, మంచం కిందికి వెళ్ళడం మాత్రం మానేసింది.

మీ ప్రశ్నలో రెండో సగం భద్రత గురించి. ఇక్కడ నేను ఏమాత్రం సర్దుకోను. పిల్లాడు తన కళ్ళతో చూసి లెక్క కట్టగలిగేది ఒకటి, కొమ్మ ఎత్తు లాంటిది. వాడికి కనపడనిది ఇంకొకటి, పుచ్చిన కొమ్మ, గడ్డిలో గాజుపెంకు, పొదలో పాము. మొదటిది వాడికి వదలాలి, రెండోది పెద్దవాళ్ళు పిల్లలు రాకముందే వెళ్ళి చూసి తీసేయాలి. ఆ తోటవాళ్ళు ప్రతి ఆదివారం ముందుగా తిరిగి చూస్తున్నారా అని అడగండి. వాన వెలిసిన వెంటనే కొమ్మలు ఎక్కనివ్వడం నాకు నచ్చలేదు, తడి ఆరేదాకా నేల మీద బురదలో ఎన్ని ఆటలు లేవు? ఇది వాళ్ళతో మర్యాదగానే, స్పష్టంగా చెప్పండి. ఎంతమంది పిల్లలకి ఒక పెద్దమనిషి ఉన్నారు, ప్రథమ చికిత్స నేర్చుకున్నవాళ్ళెవరు, గంట గంటకీ పిల్లల్ని లెక్కపెడుతున్నారా, ఏదైనా జరిగితే ఏ ఆసుపత్రికి ఏ వాహనంలో తీసుకెళ్తారు, ఇవన్నీ అడగండి. అడిగితే విసుక్కునే చోటికి పిల్లాణ్ణి పంపొద్దు. ఇంకో విషయం, పిల్లాడు తనంతట తను ఎక్కలేని కొమ్మ మీద పెద్దవాళ్ళు ఎత్తి కూర్చోబెట్టకూడదు. తను ఎక్కగలిగిన చోటునుంచి చాలావరకు తనే దిగగలడు, ఎత్తి కూర్చోబెడితే దిగడం రాదు, అసలు దెబ్బలు అక్కడే తగులుతాయి.

జీడిమామిడి తోట అన్నారు. కొమ్మలు కిందనుంచే పరుచుకుంటాయి కాబట్టి ఎక్కడానికి ఇంత మంచి చెట్టు ఇంకోటి లేదు, కానీ మార్చి నుంచి మే దాకా కాయల కాలంలో పచ్చి జీడిగింజ పైతొక్కలో ఉండే జీడి అంటితే చర్మం బొబ్బలెక్కుతుంది. పిల్లలు నోటితో కొరికారంటే పెదాలు కాలిపోయినట్టవుతాయి. ముందే చూపించి చెప్పాలి.

వానాకాలంలో పాముల భయం ఉంది, దాన్ని కొట్టిపారేయను. మన కొండల చుట్టూ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి అన్నీ ఉన్నాయి. కాళ్ళు పూర్తిగా కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, రాయి ఎత్తేముందు కర్రతో కదిపి చూడటం, చేతులు బొరియల్లో పెట్టకపోవడం, ఇవి అలవాటయ్యేదాకా చెప్పిందే చెప్పాలి. ఒకవేళ కాటు పడితే తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పిల్లాణ్ణి నడిపించకుండా, 108కి ఫోన్ చేసి నేరుగా విరుగుడు మందు ఉండే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. దీనికంటే చాలామందికి తెలియనిది స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల వస్తుంది, మన రాష్ట్రంలో కేసులు వస్తూనే ఉన్నాయి. తోటకి వెళ్ళొచ్చిన వారం పదిరోజులకి విడవని జ్వరం వస్తే, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు కట్టిన మచ్చ ఉందేమో చంకల్లో, గజ్జల్లో కూడా చూడండి. పిల్లాడు పొదల్లో ఆడాడని డాక్టరుకి మీరే ముందు చెప్పండి, సమయానికి తెలిస్తే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది. ఇంటికి రాగానే స్నానం చేయించి బట్టలు వేడినీళ్ళలో నానబెట్టడం అలవాటు చేసుకోండి.

ఎండ గురించి నాకు నేను చేసిన తప్పే పాఠం. మూడేళ్ళ కిందట ఏప్రిల్‌లో మా పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్ళి, ఆట బాగా సాగుతోంది కదా అని పదిగంటల దాకా ఉంచేశాను. మన ఊళ్ళో ఎండకి ఉక్కపోత కూడా తోడవుతుంది, చెమట ఆరదు. ఒక బాబు తల తిరిగి కూర్చుండిపోయాడు. నీడకి తెచ్చి తడిగుడ్డతో తుడిచి ఓఆర్‌ఎస్ తాగిస్తే కోలుకున్నాడు గానీ, వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. ఆ రోజు నుంచి ఎండాకాలంలో ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా కొండ దిగిపోతాం. మీ తోటవాళ్ళ వేళలు కూడా అడగండి. సముద్రం దగ్గరైతే నా మాట ఇంకా కఠినం. ఇసుకలో ఎంతైనా ఆడనివ్వండి, నీళ్ళలోకి మాత్రం వద్దు, మన తీరంలో అల వెనక్కి లాగే బలం పెద్దవాళ్ళనే నిలబడనివ్వదు, దాన్ని కొలిచే శక్తి ఏ పిల్లాడికీ ఉండదు.

ఆపేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ప్రతి ఆదివారం పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడా, శనివారం రాత్రి నిద్రపోవడం లేదా, వద్దన్నా ఎక్కమని తోస్తున్నారని చెబుతున్నాడా, అయితే ఆపేయండి. ఇంకొకటి, అక్కడ ఎవరైనా మీ బాబుతో "మగపిల్లాడివి, ఏడుస్తావేంటి" అన్నారని తెలిస్తే ఆ వారమే మానిపించండి. నవ్వులపాలైన పిల్లాడు ఏడుపు లోపల దాచుకోవడం నేర్చుకుంటాడు, తేరుకోవడం నేర్చుకోడు. మీ ఉత్తరాన్ని బట్టి అక్కడ అలాంటిదేమీ ఉన్నట్టు లేదు. కాబట్టి పంపమనే అంటాను.

అయితే వారానికి మూడు గంటలు తోటలో నేర్చుకున్నది మిగతా ఆరు రోజులు ఇంట్లో నిలబడాలంటే మీరూ కొంచెం మారాలి. ఈసారి పెన్సిల్ విరిగినప్పుడు ఎవరూ లేవకండి. దగ్గరికి వెళ్ళి కూర్చుని "విరిగిపోయింది కదా, కోపం వస్తోంది కదా" అనండి, అంతే, ఆపైన నోరు కట్టేసుకుని మనసులో ఇరవై లెక్కపెట్టండి. ఎంత కష్టమో నాకు తెలుసు, మనకి చేతులు దురదపెడతాయి. ఏడుపు కొంచెం తగ్గాక "ఇప్పుడేం చేద్దాం?" అని అడగండి. చెక్కుడు మర ఎక్కడుంటుందో వాడికి తెలిసి ఉండాలి, వాడి చేతికి అందే చోట ఉండాలి. మొదటి వారం ఆ గంట ఏడుపు ముప్పావుగంటకి తగ్గితే సంతోషించండి. మధ్యలో ఒకరోజు మళ్ళీ గంటన్నర కూడా అవుతుంది, వర్షాకాలం ఎండ లాంటిదే అది, వస్తూ పోతూ ఉంటుంది. క్యారమ్స్‌లో వాణ్ణి గెలిపించడానికి మీరు కావాలని ఓడిపోవద్దు, పిల్లలకి అది తెలిసిపోతుంది. మీరు ఓడిపోయినప్పుడు మాత్రం "అయ్యో, ఆ రెడ్ పడుంటే బాగుండేది, సరే ఇంకో ఆట" అని వాడికి వినపడేలా అనండి. ఓడిపోయినవాళ్ళు ఏం మాట్లాడతారో వాడు ఎక్కడో ఒకచోట వినాలి కదా.

"జాగ్రత్త, జాగ్రత్త" అనడం కూడా తగ్గించండి. ఎక్కడ జాగ్రత్తో చెప్పకుండా ఆ మాట వింటే పిల్లాడికి భయం తప్ప ఇంకేం అందదు. "కాలు ఎక్కడ పెట్టబోతున్నావు?", "ఆ కొమ్మ ఊపి చూశావా?", "దిగేటప్పుడు చెయ్యి ఎక్కడ పట్టుకుంటావు?" అని అడగండి. ఇవి వింటే వాడి కళ్ళు కొమ్మ వైపు తిరుగుతాయి, జాగ్రత్త అంటే మీ మొహం వైపు తిరుగుతాయి.

మీ అత్తయ్యగారి మీద మీకు కోపం ఉంటే తీసేయండి. ఆవిడ రెండు రోజులు మాట్లాడకపోవడంలో నాకు మనవడి మీద ప్రాణమే కనిపించింది. కవాయ్ దీవి పిల్లల గురించి చెప్పాను కదా, గట్టిగా నమ్మిన ఒక్క పెద్దమనిషి అని, మీ బాబుకి ఆ మనిషి ఆవిడే కావచ్చు. ఆవిణ్ణి ఒప్పించడానికి డెన్మార్క్ గురించి చెప్పకండి. చిన్నప్పుడు ఏ చెట్లెక్కారో అడగండి, బాబు పక్కన ఉండగా అడగండి. ఆవిడ కాలంలో చింతచెట్టో మామిడిచెట్టో ఎక్కని ఆడపిల్ల తక్కువ, ఆ దెబ్బ మచ్చ ఇప్పటికీ ఎక్కడో ఉండే ఉంటుంది. నానమ్మ పడిన కథ, పడి లేచిన కథ విన్న పిల్లాడికి తన మోకాలి మీద పెచ్చు వేరేగా కనపడుతుంది. చిక్కుడుకాయలు ఈనె తీయడం, బఠాణీలు వలవడం, మొక్కలకి నీళ్ళు పోయడం లాంటివి ఆవిడ దగ్గర కూర్చుని చేయనివ్వండి. చేతులకి పని తెలిసిన పిల్లాడు చెట్టు మీద కూడా స్థిమితంగా ఉంటాడు.

మీవారిని ఒక ఆదివారం తోటకి పంపండి, మాట్లాడకుండా దూరంగా కూర్చుని చూడమనండి. దెబ్బలు కొనుక్కోవడం అన్నారు కదా, కొనుక్కుంటున్నది ఇంకా ఏమేమిటో కళ్ళారా చూస్తారు. లెక్కలు కావాలంటే ఒకటి చెప్పండి. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకి రోజూ నలభై నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు, మూడేళ్ళ తర్వాత ఆ పిల్లల్లో దగ్గరచూపు వచ్చినవాళ్ళు 30.4 శాతం, ఆ పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం. 2015లో వచ్చిన ఫలితాలివి. కళ్ళజోడు ఖర్చుతో పోలిస్తే మోకాలి దెబ్బ ఎంతో ఆయనే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఐదేళ్ళు దాటిన పిల్లలకి రోజుకి సగటున గంటసేపు ఒళ్ళు వంచే ఆట ఉండాలంటోంది, ఆదివారం ఒక్కరోజుతో అది తీరదు. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చాక బాబుతో కింద అరగంట పరిగెత్తితే మీకు నా సలహాలో సగం అవసరం ఉండదు.

ఇది చదివే మిగతా తల్లులకి కూడా ఒక మాట, ఎందుకంటే ఫీజు కట్టలేం కదా అని రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఫారెస్ట్ స్కూల్ అనే బోర్డు అక్కర్లేదు. ముడసర్లోవ పార్కులో చెట్లున్నాయి, కైలాసగిరికి మెట్లదారి ఉంది, కంబాలకొండలో అటవీశాఖ వాళ్ళు టిక్కెట్టు మీద నడవనిచ్చే దారులున్నాయి, అది అభయారణ్యం కాబట్టి అక్కడ కొమ్మలు విరవడం, మంట పెట్టడం, ప్లాస్టిక్ వదలడం కుదరదు. పిల్లలకి ఆ నియమం నేర్పడానికి కూడా అది మంచి చోటు. ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్తే చూపించండి, నడిపించండి, వాటి మీంచి జారనివ్వకండి, వేల ఏళ్ళు పట్టి ఏర్పడిన ఆ గట్లు పిల్లల కాళ్ళ కింద రాలిపోతే మళ్ళీ రావు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి, ఆ గుడ్లని అటవీశాఖ వాళ్ళు కాపాడి పొదిగిస్తారు. తాబేలు పిల్లలు బయటికొచ్చి సముద్రం వైపు పాకే రోజుల్లో తెల్లవారుజామున వెళ్ళి దూరం నుంచి చూపించండి. బొటనవేలంత ప్రాణి అల వచ్చి వెనక్కి తోసేస్తే మళ్ళీ పాకడం చూసి మా పిల్లలు ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు, ఎత్తి నీళ్ళలో వేసేద్దాం టీచర్ అని ఒకడు గొడవ చేశాడు, వద్దని ఆపాల్సి వచ్చింది.

మీ విషయానికి వస్తే, ఈ ఆదివారం మోకాలి మీద పెచ్చు ఊడిపోకుండా ఉండాలంటే పొడుగు ప్యాంటు వేయండి, మరకలు పడినా మీకు మనసు చివుక్కుమనని పాతది. నీళ్ళ సీసా, ఓఆర్‌ఎస్ పొట్లం, మార్చుకోవడానికి ఒక జత. కొత్త బూట్లు కొంటే ముందు ఇంట్లో నాలుగు రోజులు తొడిగించి చూడండి, జారే అడుగుంటే వద్దు. పొద్దున్న బయల్దేరేముందు ఆ కొమ్మ గురించి మీరు ఎత్తకండి. ఎక్కుతాడో లేదో వాడే చూసుకుంటాడు. తిరిగొచ్చాక "పడ్డావా?" అని అడగకుండా "ఇవాళ ఏం కనిపించింది?" అని అడిగి, వాడు చెప్పింది నాకూ రాయండి, అత్తయ్యగారు ఎక్కిన చెట్టు ఏదో కూడా.